జిమ్‌లో ఎవరూ చెప్పని మర్యాదలు, అడగకుండా వచ్చే మాటలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌ కేపీహెచ్‌బీలో జిమ్‌లో చేరి నెల దాటింది, మీ బరువు 54 కిలోలు. రోజూ ఒకాయన "ఏం తమ్మీ, ఫ్యాన్ గాలికి ఎగిరిపోతవ్, జర పైలం" అంటున్నాడు. ఖాళీగా ఉందనుకుని బెంచీ మీద పడుకుంటే "గా బాటిల్ కనబడ్తలేదా" అని ఇంకొకాయన మీదికొచ్చాడు. స్క్వాట్ చేస్తుంటే ముగ్గురు వచ్చి మూడు రకాలుగా దిద్దారు. మీ చెల్లెలు కూడా వస్తానంటోంది. తీసుకురావచ్చా, లేక మీరే మానెయ్యాలా?

మానక్కర్లేదు. అయితే ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకండి. బాటిల్ గొడవలో సగం తప్పు మీది. దిద్దిన ముగ్గురిలో ఒకరి మాట వినాల్సిందే కావచ్చు. ఫ్యాన్ గాలి ఆయనకి రెండు ముక్కల జవాబు చాలు. జిమ్‌లో ఎవరు ఏమన్నా ముందు చూడాల్సింది ఒకటే: ఇతనికి నా దగ్గర్నుంచి ఏం కావాలి? బెంచీ కావాలా, కాలక్షేపానికి మనిషి కావాలా, పెద్దరికం చూపించుకోవాలా, ఏమైనా అమ్మాలా? కావాల్సింది ఏదో తెలిస్తే అంతవరకే జవాబిచ్చి మళ్లీ సెట్ (ఆగకుండా వరసగా చేసే ఒక విడత) మొదలుపెట్టొచ్చు.

ముందు బెంచీ సంగతి. ఇక్కడ సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అసలైన రద్దీ. ఆఫీసు వదిలినవాళ్లూ కాలేజీ పిల్లలూ ఒక్కసారే దిగుతారు. పైగా చాలా జిమ్‌లకి ఆదివారం సెలవు కాబట్టి సోమవారం ఊరంతా చెస్ట్‌తో మొదలుపెడుతుంది. మూడు బెంచీలుంటే పన్నెండు మంది చుట్టూ తిరుగుతుంటారు. మీరు సోమవారం లెగ్స్ పెట్టుకోండి, సగం తగాదాలు మీ దాకా రావు.

బెంచీ మీద బాటిలో, తువ్వాలో, బైకు తాళమో ఉంటే అది ఎవరిదో ఒకరిది అని లెక్క. దాన్ని తీసి కిందపెట్టి పడుకోవడం మన జిమ్‌లలో పెద్ద అవమానం కిందే జమ. "ఈ బాటిల్ ఎవరిదన్నా?" అని చుట్టుపక్కల వినబడేలా ఒకసారి అడగండి. రెండు మూడు నిమిషాలు ఎవరూ రాకపోతే బాటిల్‌ని బెంచీ కాలి పక్కన నిలబెట్టి మొదలుపెట్టండి. అంత టైమిచ్చాక వచ్చి గొడవపడితే తప్పు ఆయనది. బాటిల్ పెట్టి పది నిమిషాలు ఫోన్ మాట్లాడ్డానికి మెట్ల మీదికి పోయినవాడికి ఆ బెంచీ మీద హక్కేమీ మిగలదు. రద్దీలో ఒక బాటిల్ బెంచీ మీద, ఒక తువ్వాలు కేబుల్ మెషీన్ మీద వేసి "సూపర్‌సెట్" (రెండు ఎక్సర్‌సైజులు వెంటవెంటనే చేయడం) అనేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

మనిషి కూర్చునే ఉంటే "ఖాళీయేనా?" అని అడగకండి. దానికి వచ్చే జవాబు "లేదు" ఒక్కటే. "ఎన్ని సెట్లున్నయ్ అన్నా?" అనండి. ఆయన ముందొచ్చాడని మీరు ఒప్పుకున్నట్టవుతుంది, ఎంతసేపు ఆగాలో తెలుస్తుంది, చాలాసార్లు ఆయనే "మధ్యల చేస్కో తమ్మీ" అంటాడు. అనకపోతే మీరే "మధ్యల ఒక సెట్ కొట్టనా?" అనొచ్చు. మెహదీపట్నం, టోలిచౌకీ వైపు ఇదే మాట "కిత్నే సెట్ బాకీ హై భయ్యా?" అవుతుంది.

మధ్యలో చేసుకోవడానికి ఒక లెక్క ఉంది. ఒక సెట్‌కి సుమారు 40 సెకన్లు, మామూలు విశ్రాంతి 2 నిమిషాలు. ఇద్దరు మార్చి మార్చి చేస్తే ఎదుటివాడి సెట్ 40 సెకన్లు, ప్లేట్లు మార్చడం ఇంకో 30, మొత్తం 70 సెకన్లు. ఎవరి విశ్రాంతీ చెడదు. మూడోవాడు చేరితే 2 నిమిషాలు కాస్త దాటుతుంది, అదీ నడుస్తుంది. నాలుగోవాడితో అందరి ఒళ్లూ చల్లబడిపోతుంది, ఆగడమే మంచిది. చాలా బరువుతో చేసేవాళ్లు సెట్‌కీ సెట్‌కీ మధ్య 3 నుంచి 5 నిమిషాలు కూర్చుంటారు. అది బద్ధకం కింద లెక్కేసి దగ్గర నిలబడి వాచీ చూసుకోకండి.

పిన్ను మార్చే మెషీన్ల దగ్గర పంచుకోవడం సులువు. రాడ్ దగ్గర మాత్రం ప్లేట్లు ఎలా ఎక్కించారన్నది ముఖ్యం. ఒకరు 40 కిలోలు, ఇంకొకరు 60 కిలోలు చేస్తున్నారనుకోండి. రాడ్ 20 కిలోలదైతే తక్కువ చేసేవాడికి రెండు పక్కలా ఒక్కో 10, ఎక్కువ చేసేవాడికి దానిపైన ఇంకో 10. ముందే 20 ప్లేటు ఎక్కిస్తే ప్రతిసారీ మొత్తం విప్పాలి. తేడా పక్కకి ఒక ప్లేటు కంటే ఎక్కువుంటే పంచుకోవడం దండగ, వేరే ఎక్సర్‌సైజ్ చేసి రండి. ఇంకో మాట, రాడ్ అంటే 20 కిలోలే అనుకోవద్దు. కాలనీ జిమ్‌లలో అంతకంటే తేలిక రాడ్లు చాలా ఉంటాయి. "ఈ రాడ్ ఎన్ని కిలోలు మాస్టర్?" అని అడిగితే ఎవరూ నవ్వరు. అడగనివాళ్లే నోట్‌బుక్‌లో తప్పు లెక్కలు రాసుకుంటుంటారు.

ప్లేట్లు దించేటప్పుడు ఒకవైపువన్నీ తీసేసి రెండోవైపుకి పోకండి. స్టాండు మీదున్న రాడ్ బరువున్న వైపుకి ఒరిగి ఎగిరిపడుతుంది, పక్క బెంచీలో పడుకున్నవాడి మొహం అక్కడే ఉంటుంది. ఇటొకటి, అటొకటి తీయాలి. అన్నీ తీసి చోటున పెట్టే వెళ్లాలి. "పొద్దున హెల్పర్ సర్దుతాడులే" అనే అలవాటు మన దగ్గర గట్టిగా ఉంది, నిజంగానే హెల్పర్ సర్దుతాడు కూడా. కానీ రాడ్‌కి 100 కిలోలు తగిలించి వదిలేసి పోయినవాడిని ఆ తర్వాత వచ్చిన 50 కిలోల మనిషి ఏం తిట్టుకుంటాడో ఊహించండి. కొత్తవాడు అడక్కుండానే ప్లేట్లు సర్దితే పాతవాళ్లు గమనిస్తారు. వారం తిరక్కుండానే పలకరింపులు మారతాయి.

డంబెల్స్ తీసుకున్నాక ర్యాక్ నుంచి రెండడుగులు వెనక్కి రండి. ర్యాక్‌కి ఆనుకుని కర్ల్స్ కొడితే వెనక నలుగురు ఆగిపోతారు. సెట్ చేస్తున్నవాడికీ అద్దానికీ మధ్యనుంచి నడవకండి, ఆయన దించేదాకా ఆగండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్న మనిషిని వెనకనుంచి భుజం తట్టడం అన్నిటికంటే ప్రమాదం. అద్దంలో కనబడేలా నిలబడి, సెట్ అయ్యాక చెయ్యెత్తితే చాలు.

బరువు ఎత్తేవాడికి దగ్గర నిలబడి సాయం పట్టడాన్ని పుస్తకాల్లో స్పాట్ అని రాస్తారు, ఇక్కడ సపోర్ట్ అంటారు. "అన్నా, జర సపోర్ట్ ఇస్తవా?" అంటే కాదనేవాళ్లు అరుదు. అడిగేముందు మూడు విషయాలు చెప్పాలి: ఎన్ని రెప్స్ (ఎన్నిసార్లు ఎత్తడం) అనుకుంటున్నారు, స్టాండు మీదినుంచి ఎత్తడానికి సాయం కావాలా, ఎప్పుడు చెయ్యి వేయాలి. చెప్పకపోతే ఆయన మొదటి రెప్ నుంచే రాడ్ పట్టుకుని "ఇంకొకటి, ఇంకొకటి, నువ్వే, నువ్వే" అంటూ సగం బరువు తనే లాగేస్తాడు. మీరు ఎంత ఎత్తారో మీకూ తెలియదు. మీరు ఇచ్చేటప్పుడు తలవైపు నిలబడి, చేతులు రాడ్ కింద తగలకుండా ఉంచండి. రాడ్ ఆగిపోయినా, కిందికి జారినా అప్పుడు పట్టుకోండి, స్టాండులో కూర్చునేదాకా వదలకండి. డంబెల్ ప్రెస్‌కైతే మణికట్టు దగ్గర సాయం పట్టాలి. మోచేతుల కింద పట్టుకుంటే చేతులు లోపలికి మడుచుకుపోయి డంబెల్ మొహం మీదికి రావచ్చు. స్క్వాట్‌కి వెనకనుంచి ఛాతీ చుట్టూ చేతులు వేసే సపోర్ట్ ఉంది చూడండి, అది పరిచయం లేనివాళ్ల మధ్య, ముఖ్యంగా ఆడవాళ్ల దగ్గర, పనికిరాదు. ర్యాక్‌కి ఉన్న సేఫ్టీ కడ్డీలను స్క్వాట్ అడుగుకి కాస్త కిందుగా పెట్టుకుంటే ఎవరి సాయమూ అక్కర్లేదు. బెంచ్‌కి కూడా కడ్డీలున్న ర్యాక్ దొరికితే ఛాతీ కంటే కొంచెం కిందుగా, మెడకంటే పైన పెట్టుకోండి.

ఇక శుభ్రత గురించి మీకు తెలియనిది పెద్దగా ఉండదు. తువ్వాళ్లు రెండు కావాలి, ఒకటి మొహానికి, ఒకటి బెంచీ మీద పరవడానికి. బూట్లు జిమ్‌కి వేరే ఉండాలి, జూలై నుంచి సెప్టెంబరు దాకా బురద బూట్లతో లోపలికొస్తే రిసెప్షన్ దగ్గరే ఆపేస్తారు. డియో స్ప్రే లాకర్ గదిలో కొట్టుకోవాలి. పక్కవాడి దగ్గర వాసన వస్తే ఆయనకి నేరుగా చెప్పకండి, ట్రైనర్ చెవిన వేయండి. ఆ పని ఆయనకి అలవాటే. కొందరు ఓనర్లు పొద్దున్నే హనుమంతుడి పటానికి అగరొత్తులు వెలిగించి తలుపులేసి ఏసీ వేస్తారు. దగ్గు వస్తే కాసేపు కిటికీ దగ్గరి సైకిల్ ఎక్కండి. పూజ గురించి వాదన పెట్టుకుంటే గెలవరు.

పిలుపుల సంగతి చిన్నదే, కానీ చాలా మాటలు అక్కడే చెడతాయి. మగవాళ్లకి "అన్నా" ఎప్పుడూ క్షేమం. "అంకుల్" అనకండి, 100 కిలోలతో స్క్వాట్ కొట్టే నలభై ఐదేళ్లాయన ఆ మాట నెలలు గుర్తుపెట్టుకుంటాడు. అరవై దాటినవాళ్లకి "సర్". పరిచయం లేని ఆడవాళ్లకి "మేడమ్", వాళ్లంతట వాళ్లే చనువిస్తే "అక్కా". ఎదుటివాళ్లు మిమ్మల్ని మొదటిరోజే "నువ్వు", "తమ్మీ" అంటే తక్కువ చేసినట్టు కాదు, ఇక్కడ అది మామూలు పలకరింపు. గుంటూరు, గోదావరి వైపునుంచి వచ్చినవాళ్లు దీనికే ఎక్కువ నొచ్చుకుంటారు.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నల్లబట్టల్లో, చెప్పులు లేకుండా వచ్చే అయ్యప్ప దీక్షవాళ్లని "స్వామీ" అనాలి. వాళ్లు ఆడవాళ్లని "మాతా" అంటారు, అది వెటకారం కాదు. 41 రోజుల దీక్షలో చాలామంది ఒంటిపూట భోజనం చేస్తారు కాబట్టి బరువులు తగ్గిస్తారు. "ఏంది స్వామీ, వెయిట్లు పడిపోయినయ్" అనే జోకు వాళ్లు ఆ సరికే పదిసార్లు విని ఉంటారు. పాదాలకి బూట్లు లేవు కాబట్టి వాళ్ల పక్కన ప్లేట్లు దించేటప్పుడు మీరే జాగ్రత్తపడాలి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్లు ఇఫ్తార్‌కి కాస్త ముందు తేలికగానో, తరావీహ్ నమాజ్ అయ్యాక రాత్రి పొద్దుపోయాకో చేస్తారు. "ఒక్క గుక్క తాగితే ఏమైతది" అనే మాట ఎవరి నోటా రాకూడదు. దసరాకి డంబెల్స్‌కి పసుపు కుంకుమ పెట్టి ఆయుధపూజ చేసే జిమ్‌లున్నాయి, ఆ రోజు పూజ అయ్యేదాకా పరికరాలు ముట్టుకోకండి. ప్లేట్లకి కాలు తగిలితే కళ్లకద్దుకునేవాళ్లని చూసి నవ్వొద్దు. పాతబస్తీ తాలీంలలో కుస్తీ నేర్చినవాళ్లు మట్టికి దండం పెట్టాకే బరిలో దిగుతారు, అదే అలవాటు ఇక్కడికీ వస్తుంది.

ఇప్పుడు మాటలు. మన దగ్గర ఒంటి గురించి మాట్లాడటం పలకరింపులో భాగం. "చిక్కినవ్", "లావైనవ్", "పెండ్లి కుదిరిందా, జిమ్‌ల చేరినవ్?", "డెలివరీ తర్వాతనా మేడమ్?", "గీ వయసుల ఎందుకు సార్ ఇవన్నీ?" ఇలాంటివి అనేవాడికి ఎక్కువసార్లు దురుద్దేశం ఉండదు, కానీ పడేవాళ్లకి మాత్రం గుచ్చుకుంటుంది. మీ ఫ్యాన్ గాలి ఆయనకి "అందుకే వచ్చిన అన్నా" అని సగం నవ్వి డంబెల్ ఎత్తేయండి. ఒప్పుకున్నాక ఆయనకి ఆడుకోవడానికి ఏమీ మిగలదు, సెట్ మొదలైతే సంభాషణ ముగిసినట్టే. మూడు నాలుగు రోజులు అదే మాట, అదే గొంతుతో చెప్పండి. రోజుకో కొత్త జవాబిస్తే ఆటలో పడతారు.

బెడిసికొట్టేది వివరణ. "నాకు థైరాయిడ్ ఉందన్నా", "చిన్నప్పట్నుంచీ ఇంతే", "డాక్టర్ ఇలా అన్నారు" అని మొదలుపెడితే ఆయన వదినగారి థైరాయిడ్, యాపిల్ సైడర్ వెనిగర్, రాగి జావ, పరగడుపున మెంతులు అన్నీ వస్తాయి. మీ రోగాలు, మందులు, పీసీఓడీ, షుగరు జిమ్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ట్రైనర్‌కి మాత్రం చెప్పాలి, అదీ వ్యాయామానికి అడ్డొచ్చేవే: బీపీ, ఆస్తమా, పాత దెబ్బలు, ఆపరేషన్లు.

నవ్వి వదిలేసినా ఆగకపోతే, ముఖ్యంగా నలుగురిలో అంటుంటే, ఒక్కసారి నవ్వకుండా చెప్పండి: "అన్నా, నా ఒంటి గురించి మాటలొద్దు." గొంతు పెంచొద్దు, "దయచేసి", "సారీ" జోడించొద్దు. ఆయన "అరె, మజాక్ చేసిన" అంటాడు. "సరే అన్నా" అని తిరిగిపోండి. ఆ "మజాక్" అనేది ఆయన పరువు నిలుపుకునే దారి, అది కూడా మూసేస్తే గొడవ పెరుగుతుంది.

ఫామ్ దిద్దేవాళ్లతో వేరే లెక్క. చెప్పింది ప్రమాదం గురించా, పద్ధతి గురించా అన్నది ముందు తేల్చుకోండి. బరువైన డెడ్‌లిఫ్ట్‌లో నడుము వంగిపోతోందన్నా, బెంచ్‌లో బొటనవేలు రాడ్ చుట్టూ వేయలేదన్నా, ప్లేట్లు జారకుండా పెట్టే లాక్ పెట్టలేదన్నా చెప్పినవాడు ఎవరైనా సరే బరువు దించి "చూపించన్నా" అనండి. మోచేయి కాస్త ఇటు, సీటు కాస్త పైకి, ఇంకా నెమ్మదిగా... ఇవన్నీ పద్ధతి గొడవలు. "కోచ్ ఇట్లనే చెప్పిండన్నా, ఆయన్ని అడుగుత" అనేయండి. వాదన ఇక మీ ఇద్దరి మధ్య ఉండదు. మీ స్క్వాట్ దగ్గర ముగ్గురు మూడు చెప్పారంటే ఒకరు తప్పకుండా "మోకాలు కాలివేళ్లు దాటొద్దు" అని ఉంటారు. మామూలు స్క్వాట్‌లో, అందులోనూ తొడలు పొడుగున్నవాళ్లకి, మోకాలు వేళ్లు దాటడం సహజం. మడమ లేవకుండా, మోకాళ్లు లోపలికి కూలకుండా చూసుకుంటే చాలు. అలాగే "చెమట పడితేనే కొవ్వు కరుగుతది", "క్రంచెస్ కొడితే పొట్ట పోతది" అనేవి. చెమటతో పోయేది నీళ్లు. ఒక్కచోటి కొవ్వుని ఎక్సర్‌సైజ్‌తో ఏరి తీయలేం. ఈ నిజాలు వాళ్లకి నేర్పే పని పెట్టుకోకండి. మీ సెట్లు మిగిలిపోతాయి.

మీరు ఎవరినైనా దిద్దాలనిపిస్తే? ప్రమాదం కనిపిస్తే ఫ్లోర్ ట్రైనర్‌కి చెప్పండి. ఇంకేదీ మీ పని కాదు, మగవాళ్లు ఆడవాళ్లకి చెప్పడం అసలే కాదు.

హైదరాబాద్ ప్రత్యేకతలు ఇంకో రెండున్నాయి. పరిచయమైన మూడో రోజుకి "ఏ కంపెనీ? ప్యాకేజ్ ఎంత? రెఫరల్ ఇస్తవా?" వస్తుంది. ఆ తర్వాత షాద్‌నగర్ వైపో, శంకర్‌పల్లి వైపో ప్లాట్లు, చిట్టీలు, ఇన్సూరెన్స్, బరువు తగ్గించే షేకులు. ఫోన్ నంబరు ఇచ్చాక వాట్సాప్ గ్రూపులో బ్రోచర్లు పడటం ఆపలేరు, కాబట్టి నంబరు దగ్గరే ఆగండి: "ఇక్కడ బిజినెస్ మాట్లాడనన్నా, వర్కవుట్‌కే వస్త." రెండోది, "ఊరేది?" తర్వాత "ఏ మండలం?", ఆ తర్వాత "ఇంటిపేరు?", చివరికి "మీరేమిట్లు?" దాకా పోయే మెట్లు. ఊరు చెప్పండి, లేదా జిల్లా చెప్పండి, అక్కడితో ఆపేయండి. ఇంటిపేరు అడిగితే "పేరు పెట్టి పిలువన్నా, చాలు" అనొచ్చు. ఇది అమాయకంగా అడిగే ప్రశ్న అని నాకెప్పుడూ అనిపించలేదు.

ట్రైనర్లు అనే మాటల్లో చాలావాటి వెనక అమ్మకం ఉంటుంది. చేతిలో పట్టుకునే మెషీన్‌తో చూసి "ఫ్యాట్ చాలా ఉంది సార్, పీటీ లేకుండా కష్టం" అంటారు. పీటీ అంటే విడిగా డబ్బు కట్టి పెట్టుకునే పర్సనల్ ట్రైనింగ్. ఆ మెషీన్ ఒంట్లోకి సన్నని కరెంటు పంపి లెక్క కడుతుంది, మీరు నీళ్లు తాగినా, తిన్నా, చెమట పట్టినా అంకె మారుతుంది. ఒక్కసారి చూసి బెదిరిపోకండి. "పీటీ వద్దు కోచ్, కావాలంటే నేనే అడుగుత" అని ఒకసారి చెప్పండి. మెంబర్‌షిప్‌లో ఏమేమి ఉన్నాయో, మొదటి నెల ఫ్లోర్ ట్రైనర్ నేర్పుతాడా లేదా అన్నది డబ్బు కట్టేముందే అడిగి రసీదు మీద రాయించుకోండి. ప్రొటీన్ డబ్బా అమ్మితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, సీలు, విదేశీదైతే దిగుమతిదారు స్టిక్కరు చూడండి, బిల్లు లేకుండా కొనొద్దు. "ఒక చిన్న కోర్సు, ఎనిమిది వారాలు" అని స్టెరాయిడ్ ఇంజెక్షనో మాత్రలో చూపిస్తే నవ్వుతో కూడా తేల్చొద్దు, "వద్దు" అని అక్కడినుంచి నడిచిపోండి. 54 కిలోల కుర్రాళ్లే వాళ్లకి ముందు కనబడతారు.

మీ చెల్లెలి గురించి. తీసుకురండి, కానీ చేర్చేముందు ఆమె ఏ గంటలో వస్తుందో ఆ గంటలోనే ఒకరోజు ట్రయల్ చేయించండి. మధ్యాహ్నం పన్నెండింటికి చూసిన జిమ్ సాయంత్రం ఏడింటికి వేరే జిమ్. ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు, కార్డియో దాటి వెయిట్స్ వైపు వస్తున్నారా, లేడీ ట్రైనర్ ఏ టైమ్‌లో ఉంటుంది, మెట్లు, పార్కింగ్ వెలుతురుగా ఉన్నాయా చూడండి. కొన్ని కాలనీ జిమ్‌లలో పగటిపూట లేడీస్ టైమింగ్స్ ఉంటాయి, ఆఫీసుకి పోయే అమ్మాయికి అవి పనికిరావు. "వెయిట్స్ ఎత్తితే మగోళ్ల లెక్క అయితరు" అని ఎవరో ఒకరు అంటారు. ఆడవాళ్ల ఒంట్లో టెస్టోస్టెరాన్ చాలా తక్కువ, నెలల తరబడి కష్టపడినా అంత కండ పెరగదు. ఈ మాట ఆమెకి ముందే తెలిసి ఉంటే చాలు.

ట్రైనర్ తాకడం గురించి మొదటిరోజే ఆమె నోటితోనే చెప్పాలి: "మాటతో చెప్పండి కోచ్, పట్టుకోవద్దు. అవసరమైతే అడిగి పట్టుకోండి." మంచి ట్రైనర్ దీనికి నొచ్చుకోడు. నొచ్చుకుంటే ఆ జిమ్ వద్దు. వరుసంతా ఖాళీ ఉండగా పక్క ట్రెడ్‌మిల్లే ఎక్కడం, అద్దంలోంచి చూస్తూ ఉండటం, రీల్స్ పేరుతో ఆమె పడేలా వీడియో తీయడం, బండి దాకా వెంట రావడం... వీటికి మొదటి మెట్టు చుట్టూ నలుగురికి వినబడేలా ఒక వాక్యం: "వీడియో ఆపి డిలీట్ చెయ్యండి", "నా వెనక రావద్దు." రెండో మెట్టు అదే రోజు మేనేజర్‌కి వాట్సాప్‌లో రాతపూర్వకంగా, తేదీ, టైము, ఎవరు, ఏం చేశారు. సీసీటీవీ ఫుటేజ్ దాచమని అందులోనే అడగండి, కొన్ని వారాలకే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది. ఓనర్ "సర్దుకుపోదాం" అంటే 112కి ఫోన్ చేయండి, లేదా ఆడవాళ్ల భద్రత కోసం 2014 నుంచి నగరంలో పనిచేస్తున్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌కి చెప్పండి. భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపు సెక్షన్ 75, వెంటపడటం 78, అసభ్యంగా మాటలు, సైగలు 79. వేధించింది జిమ్ ఉద్యోగి అయితే 2013 నాటి పని ప్రదేశాల చట్టం కింద కూడా ఫిర్యాదు చేయొచ్చు, ఆమె అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు. పదిమందికి తక్కువ సిబ్బంది ఉన్న జిమ్ అయితే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఇవ్వాలి, గడువు మూడు నెలలు. మీరు అన్నగా వెళ్లి కలబడటం వల్ల కేసు మీ మీదికి తిరిగే ప్రమాదమే ఎక్కువ. పక్కన నిలబడండి, మాట్లాడేది ఆమెని మాట్లాడనివ్వండి.

చివరగా, కొన్ని జిమ్‌లలో ఓనర్ దోస్తుల గ్యాంగ్ ఒకటి ఉంటుంది. ఆరేడుగురు ఒకే ర్యాక్ చుట్టూ గంటసేపు ఉంటారు, పాటల సౌండ్ వాళ్ల చేతిలో ఉంటుంది. ట్రైనర్‌కి చెప్పినా లాభం లేదు, ఆయన జీతం అక్కడే. పొద్దున రద్దీ తగ్గాక, పదకొండు ప్రాంతంలో ఓనర్ ఒక్కడే ఉన్నప్పుడు వెళ్లి "నాకు ర్యాక్ రోజూ దొరుకుతలేదు, ఏం చేద్దామన్నా?" అని అడగండి. వాళ్ల పేర్లు తీయకండి. వారంలో ఏమీ మారకపోతే మీ టైమ్ అరగంట ఇటు జరిపి చూడండి, అదీ కుదరకపోతే జిమ్ మార్చండి. అందుకే కొత్త చోట ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. నెలకి కాస్త ఎక్కువ పడినా మూడు నెలలదే తీసుకోండి, ఫ్రీజ్ (మధ్యలో కొన్నాళ్లు ఆపుకోవడం), ట్రాన్స్‌ఫర్ షరతులు రసీదు వెనక చదవండి. కట్టిన డబ్బు విషయంలో మోసం జరిగితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది.